ఎవరితో పాడుతున్నారో ముందే కనుక్కోండి

ఈ వారం కూడా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఒక కొత్త గాయని ఫోన్‌కు వాట్సాప్‌లో ఒక ట్రాక్ వస్తుంది. "రేపు సాయంత్రానికల్లా వాయిస్ పంపించమ్మా, ఫలానా ఆయన పాటలో ఫీచరింగ్ నీదే" అంటారు. అగ్రిమెంట్ ఉంటే పీడీఎఫ్‌లో వస్తుంది, చాలాసార్లు అదీ రాదు. ఆ అమ్మాయి సంబరపడి, బయటి చప్పుడు పడకుండా బట్టల బీరువా తలుపులు తెరిచి, వాటి మధ్య నిలబడి పాడి పంపేస్తుంది. ఆ ఫలానా ఆయన ఎలాంటివాడు, పాటకు డబ్బు పెడుతున్నది ఎవరు, ఛానల్ ఎవరి పేరు మీద ఉంది, వీడియో మొదట్లో ఏ కంపెనీ ప్రకటన తగిలిస్తారు, ఇవేవీ అడగదు. అడిగితే ఛాన్స్ పోతుందని భయం. పాట విడుదలైన క్షణం నుంచి ఆ రెండు పేర్లూ ఒకే వరుసలో కనిపిస్తాయి. తర్వాత ఆయన పేరుకు ఏం జరిగినా ఈమె పేరుకూ ఎంతో కొంత జరుగుతుంది. అందుకే ఈ హెచ్చరిక.

ఇలాంటి సందర్భానికి మన పెద్దల దగ్గర ఒక సామెత సిద్ధంగా ఉంది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగాడనే అంటారు. ఆ సామెత లోకం నోటి సంగతి చెబుతుందే గానీ న్యాయం చెప్పదు. పక్కవాడి పాపాన్ని మన నెత్తిన రుద్దడం అన్యాయమే, అందులో రెండో మాట లేదు. అయితే సంగీతంలో పేరు పోగొట్టుకున్నవాళ్ల కథలు వరసపెట్టి చూస్తే, శ్రోతలు మరీ అంత గుడ్డిగా తీర్పు చెప్పలేదని తెలుస్తుంది. వాళ్లు చూసింది తేదీని. చేతులు కలిపిన రోజుకి నీకేం తెలుసు? తెలియకపోతే, తెలుసుకునే దారి ఉందా లేదా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేనివాళ్లకే మచ్చ మిగిలింది.

అమెరికా గాయకుడు ఆర్. కెల్లీ ఉదంతం తీసుకుందాం. అక్కడ తేదీలన్నీ రికార్డులో ఉన్నాయి. షికాగోకు చెందిన కెల్లీ 1990ల్లో ఆర్ అండ్ బీ సంగీతానికి మకుటం లేని మహారాజు. 1995లో మైకేల్ జాక్సన్ పాడిన 'యూ ఆర్ నాట్ అలోన్' ఆయన రాసిందే. బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలోకి నేరుగా మొదటి స్థానంలోనే అడుగుపెట్టిన తొలి పాట అది. అంతటివాడు కబురు పెడితే కాదనేవాళ్లు ఎవరుంటారు?

ఆలియా అనే డెట్రాయిట్ అమ్మాయి అసలు కాదనే వయసులోనే లేదు. కెల్లీ మేనేజర్ ఆమె మేనమామే. ఇంట్లో పెద్దలే కుదిర్చిన భాగస్వామ్యం అది. 1994 మేలో ఆమె తొలి ఆల్బమ్ వచ్చింది. పాటలు రాసి, బాణీలు కట్టి, రికార్డు చేసింది కెల్లీ. వయసు ఒక అంకె మాత్రమే అనే అర్థం వచ్చే పేరును పదిహేనేళ్ల పిల్ల ఆల్బమ్‌కు పెట్టారు, అట్ట మీద ఆమె వెనకాల గోడకు ఆనుకుని మసకగా ఆయన బొమ్మ కూడా వేశారు. అదే ఏడాది ఆగస్టులో ఇరవై ఏడేళ్ల కెల్లీ ఆమెను రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి పత్రంలో ఆమె వయసు పద్దెనిమిది అని రాశారు. ఆ పత్రాన్ని 'వైబ్' పత్రిక అచ్చేసింది, మరుసటి ఏడాది పెళ్లి రద్దయింది. ఆమెకు దొంగ గుర్తింపు కార్డు పుట్టించడానికి ప్రభుత్వ ఉద్యోగికి లంచం ఇచ్చిన సంగతి పాతికేళ్లు దాటాక కోర్టులో విచారణకు వచ్చింది. ఇందులో ఆలియా ఎంపిక ఏముంది? ఏమీ లేదు. అయినా ఆ రోజుల్లో గుసగుసలు పోయింది ఆమె మీదే.

తర్వాత ఆమె చేసిన పనిని మన కొత్త గాయనులు దగ్గరగా చూడాలి. కెల్లీతోనూ తొలి ఆల్బమ్ విడుదల చేసిన కంపెనీతోనూ తెగతెంపులయ్యాయి. రెండో ఆల్బమ్‌కి ఆమె ఎంచుకున్నది వర్జీనియా నుంచి వచ్చిన టింబలాండ్, మిస్సీ ఎలియట్ అనే ఇద్దరు యువ సంగీతకారులను. అప్పటికి వాళ్ల పేర్లు పెద్దగా ఎవరికీ తెలియవు. 1996లో వచ్చిన 'వన్ ఇన్ ఎ మిలియన్' వింటే గొంతు పాతదే, చుట్టూ లోకం కొత్తది. డ్రమ్స్ ఆగి ఆగి తుళ్లుతుంటాయి, మధ్యలో ఖాళీలు వదిలేస్తారు, ఆ ఖాళీల్లో ఆమె గొంతు హడావిడి లేకుండా నడుస్తుంది. ఆ తర్వాత పదేళ్ల అమెరికన్ పాప్ సంగీతం మీద ఆ ముగ్గురి పని నీడ పడింది. 2001లో విమాన ప్రమాదంలో ఇరవై రెండేళ్లకే చనిపోయిన ఆలియాను ఇవాళ ఆ రెండో ఆల్బమ్ నుంచే లెక్కపెడతారు. పేరున్న భాగస్వామి ఆమె పేరును మరకల్లోకి లాగాడు, పేరు లేని ఇద్దరు దాన్ని కడిగి నిలబెట్టారు. "పెద్దాయన కాబట్టి మంచిదే" అనుకోవడం పొరపాటని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక తెలిసీ చేతులు కలిపినవాళ్ల సంగతి. 2000 డిసెంబర్‌లో 'షికాగో సన్-టైమ్స్' పత్రిక కెల్లీ మైనర్ బాలికల పట్ల ఎలా ప్రవర్తిస్తున్నాడో కోర్టు కాగితాలతో సహా రాసింది. 2002లో ఒక వీడియో బయటపడి క్రిమినల్ కేసు అయింది. సరిగ్గా ఆ ఏడాదే ర్యాపర్ జే-జీ ఆయనతో కలిసి ఆల్బమ్ విడుదల చేశాడు. కేసు నడుస్తుండగా 2004లో రెండోది చేశాడు, ఊరూరా టూర్ కూడా పెట్టాడు. ఆ టూర్ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కెల్లీ మీద పెప్పర్ స్ప్రే కొట్టడం, ఆయన్ని తప్పించడం, ఆ తర్వాత దావాలు అనే గందరగోళంలో ముగిసింది. ఇంత జరిగినా జే-జీ పేరుకు పెద్దగా ఏమీ కాలేదు. దీన్ని దాచిపెట్టి హెచ్చరిక రాస్తే అది నిజాయితీ అనిపించుకోదు. పెద్ద పేర్లకు దెబ్బ తక్కువ తగులుతుంది. వాళ్ల వెనక లాయర్లు, లేబుళ్లు, ఇరవై ఇతర ఆల్బమ్‌లు ఉంటాయి. ఒకే ఒక్క పాట చేతిలో ఉన్న అమ్మాయికి అవేవీ ఉండవు. జే-జీని చూసి ధైర్యం తెచ్చుకోవద్దని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాం.

లేడీ గాగా కథ వేరేలా నడిచింది. 2013 అక్టోబర్‌లో ఆమె కెల్లీతో కలిసి 'డూ వాట్ యూ వాంట్' విడుదల చేసింది. నవంబర్‌లో అమెరికన్ మ్యూజిక్ అవార్డుల వేదిక మీద ఇద్దరూ కలిసి పాడారు. అప్పటికి 2008లో షికాగో జ్యూరీ కెల్లీని నిర్దోషిగా వదిలేసింది కాబట్టి, చట్టం ముందు ఆమె తప్పేమీ చేయలేదు. ఎవరైనా అడిగితే, మా ఇద్దరి గురించీ అబద్ధాలు రాస్తుంటారు, అదే మమ్మల్ని దగ్గర చేసింది అన్న ధోరణిలో సమాధానం చెప్పింది. డిసెంబర్‌లో 'విలేజ్ వాయిస్' పత్రిక, తొలినుంచీ ఈ కథను తవ్విన విలేకరి జిమ్ డెరొగాటిస్‌తో సుదీర్ఘ సంభాషణ వేసి పాత కాగితాలన్నీ మళ్లీ ముందు పెట్టింది. ఆ పాటకు తీసిన వీడియోను బయటికి రానివ్వలేదు. జనవరిలో కెల్లీ స్థానంలో క్రిస్టినా ఆగిలేరాతో ఇంకో రూపం వచ్చింది. పాత పాట మాత్రం అమ్ముడవుతూనే ఉంది.

2019 జనవరిలో 'సర్వైవింగ్ ఆర్. కెల్లీ' డాక్యుమెంటరీ టీవీలో వచ్చింది. బాధిత మహిళలు కెమెరా ముందు కూర్చుని చెప్పారు. కొన్ని రోజులకే గాగా క్షమాపణ చెప్పి, ఆ పాటను ఐట్యూన్స్ నుంచీ స్ట్రీమింగ్ సైట్ల నుంచీ తీసేయిస్తానంది, తీసేయించింది. ఆ ఆల్బమ్ కొత్త ముద్రణల్లో ఇప్పుడు ఆ పాట ఉండదు. లైంగిక దాడికి గురైన మహిళగా ఎన్నాళ్లుగానో మాట్లాడుతున్న కళాకారిణి ఆమె. అందుకే ఆ ఐదేళ్ల మౌనం ఆమె మీద మరింత బరువుగా పడింది. క్షమాపణను తక్కువ చేయనక్కర్లేదు, ఆ మాత్రం కూడా చేయనివాళ్లే ఎక్కువ. కానీ 2019లో ఆమెకు కొత్తగా తెలిసినదాంట్లో ఎంత భాగం 2013లో గ్రంథాలయానికి వెళ్తే దొరికేది? చాలా భాగం దొరికేది. జనం లెక్క అక్కడే ఆగింది.

పంపిణీదారుల తీరు కూడా ఇందులో ఒక పాఠమే. 2018 మేలో స్పాటిఫై కెల్లీ పాటలను తన ప్లేలిస్టుల నుంచి తొలగించింది, విమర్శలు రాగానే జూన్‌లో ఆ విధానాన్నే వెనక్కి తీసుకుంది. ఆయన లేబుల్ ఆర్‌సీఏ 2019 దాకా ఆయనతోనే ఉంది. 2021 సెప్టెంబర్‌లో బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టు జ్యూరీ ఆయన్ని దోషిగా తేల్చింది, 2022లో ముప్పై ఏళ్ల జైలు పడింది. ఆ మరుసటి ఏడాది షికాగో కోర్టు మరో ఇరవై ఏళ్లు వేసింది, అందులో ఎక్కువ భాగం మొదటి శిక్షతోపాటే నడుస్తుంది. మొదటి వార్తకూ ఈ తీర్పులకూ మధ్య రెండు దశాబ్దాలు. కంపెనీ తేల్చేదాకా, కోర్టు తేల్చేదాకా ఆగుదామనుకునే కళాకారుడి పేరు ఆ రెండు దశాబ్దాలూ ఆ పక్కనే వేలాడుతుంది.

భాగస్వామి అంటే పక్కన నిలబడి పాడేవాడే అనుకోవద్దు. నిర్మాత కూడా భాగస్వామే, ఒక్కోసారి అందరికంటే ప్రమాదకరమైనవాడు ఆయనే. బోనీ ఎం క్యాసెట్లు 80ల్లో మన ఇళ్లలోనూ తెగ మోగాయి. ఆ బృందంలో గెంతుతూ కనిపించే బాబీ ఫారెల్ పెదవులే కదిపాడు, రికార్డుల్లో వినిపించే మగ గొంతు నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. జర్మనీ సంగీత రంగంలో ఇదేమీ బ్రహ్మరహస్యం కాదు. అదే ఫారియన్ ఆ తర్వాత మ్యూనిక్‌లో ఉంటున్న రాబ్ పిలాటస్, ఫాబ్ మొర్వాన్ అనే ఇద్దరు యువ డాన్సర్లతో ఒప్పందం రాయించుకుని మిల్లీ వనిల్లీ తయారుచేశాడు. అడ్వాన్సు ఇచ్చాడు. వాళ్లు ఖర్చుపెట్టేశారు. పాడతామంటే వద్దన్నాడు. అసలు పాడింది వేరేవాళ్లు.

1989 జులైలో అమెరికాలోని బ్రిస్టల్ పట్టణంలో వేలమంది ముందు ప్రదర్శన జరుగుతుండగా రికార్డు ఒకచోట ఇరుక్కుపోయింది. పాటలోని అదే ముక్క మళ్లీ మళ్లీ వస్తోంది, వేదిక మీద రాబ్ కాసేపు దానికి తగ్గట్టే పెదవులు ఆడించి, ఇక చేతగాక లోపలికి పరుగెత్తాడు. ఆ తర్వాత కూడా 1990లో వాళ్లకు ఉత్తమ కొత్త కళాకారులుగా గ్రామీ వచ్చింది. తర్వాతి ఆల్బమ్‌లో తామే పాడతామని ఇద్దరూ పట్టుపట్టడంతో ఆ నవంబర్‌లో ఫారియన్ తనే పత్రికలవాళ్లను పిలిచి నిజం చెప్పేశాడు. గ్రామీని వెనక్కి తీసుకున్నారు. లోకం నవ్వింది ఆ ఇద్దరు కుర్రాళ్లను చూసి. 1998లో రాబ్ ముప్పై రెండేళ్లకే చనిపోయాడు. ఫారియన్ మాత్రం సంగీత నిర్మాతగా కొనసాగాడు. ఈ మనిషి ఇంతకుముందు బృందంతో ఏం చేశాడు అని సంతకానికి ముందు ఒక్కరు విచారించి చెప్పి ఉంటే ఆ కుర్రాళ్ల కథ వేరేగా ఉండేది.

మంచి తోడు ఎంత ఎత్తుకు తీసుకెళ్తుందో కూడా మనకు తెలుసు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి 1966లో సినిమాలో తొలి అవకాశం ఇచ్చింది సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి. ఎన్ని వేల పాటలు పాడినా ఆ రుణం మరవక మద్రాసులో కట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి పేరే పెట్టుకున్నారు బాలు. 1980లో 'శంకరాభరణం' వచ్చేనాటికి ఆయన్ని హుషారు పాటల గాయకుడిగానే చాలామంది చూసేవారు. కె.వి. మహదేవన్ బాణీలు, ఆయన వెనక నీడలా ఉండే సహాయకుడు పుహళేంది శిక్షణ కలిసి అదే గొంతును శంకరశాస్త్రి గొంతుగా నిలబెట్టాయి. జాతీయ అవార్డు వచ్చింది. శాస్త్రీయ సంగీతం నేర్చుకోని గాయకుడికి ఆ మర్యాద దక్కడంలో పుహళేంది పాలు ఎంతో సంగీతకారులకు తెలుసు, టైటిల్ కార్డు చదవని ప్రేక్షకులకు తెలియదు.

కచేరీ లోకం ఈ విషయంలో సినిమావాళ్ల కంటే పట్టుదలగా ఉంటుందని పేరు. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని అడిగాకే కుర్చీ వెతుక్కునే రసికులు మనకున్నారు. పక్కవాద్యాన్ని బట్టి గాయకుడి స్థాయి కట్టే అలవాటు వాళ్లది. ఆ లోకంలోనూ 2018 దాకా కొన్ని ప్రశ్నలు ఎవరూ అడగలేదు. ఆ ఏడాది మీటూ మాటలు బయటికి వచ్చాక మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఏడుగురు కళాకారులను డిసెంబర్ కచేరీల నుంచి పక్కన పెట్టింది. ఆరోపణలు రుజువయ్యాయా లేదా అన్నది వేరే చర్చ. ఇన్నేళ్లూ వాళ్లతో వేదిక పంచుకున్నవాళ్లకు ఏమీ తెలియదా అనే ప్రశ్న మాత్రం ఆ సీజన్ అంతా క్యాంటీన్ బల్లల దగ్గర తిరిగింది. నోరు విప్పినవాళ్లు మూల్యం కూడా చెల్లించారు. ఒక ప్రముఖ తమిళ గేయ రచయిత మీద గాయని చిన్మయి చేసిన ఆరోపణలను ఆయన ఖండించారు, ఆమెకు కొన్ని వారాల్లోనే తమిళ డబ్బింగ్ సంఘంలో సభ్యత్వం పోయింది. చందా కట్టలేదన్నది సంఘం చెప్పిన కారణం.

ఇప్పుడు మన ముంగిట్లో ఉన్న ప్రమాదాలకు వద్దాం. మొదటిది డబ్బు. ప్రైవేట్ సాంగ్స్, జానపద పాటలు యూట్యూబ్‌లో కోట్ల వ్యూస్ తెచ్చుకుంటున్నాయి. వాటికి పెట్టుబడి పెట్టేవాళ్లలో ఎవరెవరున్నారో పాడేవాళ్లకు తెలియడం లేదు. బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద 2025 మార్చిలో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బుతో ఆడే ఆటలకు ప్రకటన ఇస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా పడొచ్చు. పాట మొదట్లో మూడు సెకన్లు మెరిసే లోగో మీకు సంబంధం లేనిదని మీరు అనుకుంటారు. వీడియోలో ఉన్నది మీ ముఖం. ఊళ్లో అప్పులపాలైన కుర్రాడి తల్లి గుర్తుపట్టేది లోగోను కాదు, మిమ్మల్ని.

రెండోది గొంతు. ఏఐతో పోయినవాళ్ల గొంతును కూడా పాటలో కలపొచ్చు. 'లాల్ సలామ్' సినిమా పాటలో దివంగత గాయకులు బాంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులు వాడినప్పుడు కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ఏఆర్ రెహమాన్ 2024 జనవరిలో ప్రకటించారు. దాదాపు అదే సమయంలో 'కీడా కోలా' సినిమాలో తన తండ్రి బాలు గొంతును అనుమతి లేకుండా పుట్టించారంటూ ఎస్పీ చరణ్ ఆ సినిమా బృందానికి లీగల్ నోటీసు పంపారు. అనుమతి అడగడం, అడగకపోవడం, ఈ ఒక్క తేడాయే ఒకరిని మర్యాద పక్షాన, ఇంకొకరిని సంజాయిషీ పక్షాన నిలబెడుతుంది. మీతో కలిసి పాడుతున్న గొంతు మనిషిదో యంత్రానిదో, యంత్రానిదైతే ఎవరి అనుమతితోనో అడిగే హక్కు మీకుంది. మీ గొంతుతో యంత్రాన్ని తయారుచేయబోమని రాయించుకునే హక్కూ ఉంది.

మూడోది అందరికీ తెలిసి ఎవరూ పైకి అననిది. ఎవరి స్టూడియోకి రాత్రిపూట ఒంటరిగా వెళ్లకూడదో కోరస్ అమ్మాయిలకు తెలుసు, ట్రాక్ పాడేవాళ్లకు తెలుసు, కీబోర్డ్ ప్రోగ్రామర్లకు తెలుసు. పేపర్లో మాత్రం ఉండదు. తెలుగు సినీ పరిశ్రమలో మహిళల పరిస్థితి మీద తెలంగాణ ప్రభుత్వానికి ఉప కమిటీ ఇచ్చిన నివేదికను బయటపెట్టండి అని 2024లో నటి సమంత బహిరంగంగా అడగాల్సి వచ్చింది. నివేదికలు బీరువాల్లో ఉన్నంతకాలం కొత్తగా వచ్చేవాళ్లు చీకట్లోనే సంతకాలు పెడతారు. ఈ పాపంలో ప్రభుత్వాలకూ వాటా ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాదనలేని స్థితిలో ఉన్నవాళ్లను నిందించే పని ఎవరూ పెట్టుకోవద్దు. రోజు కూలికి వయొలిన్ వాయించేవాళ్లకూ, సిటింగుకు ఇంతని కోరస్ పాడేవాళ్లకూ సంగీత దర్శకుడిని ఎంచుకునే వెసులుబాటు లేదు. వాళ్ల పేర్లు టైటిల్ కార్డులో కూడా పడవు, ఇక మచ్చేమిటి? బాధ్యత పోస్టర్ మీద పేరున్నవాడిది. ఒక్క మాటతో సెషన్ ఆపగలిగినవాడు ఆపకపోతే జవాబు చెప్పాల్సింది వాడే. అలాగే ఆరోపణ వినగానే మనిషిని వెలివేయమనీ మేం చెప్పడం లేదు. కిట్టనివాళ్లు పుట్టించే పుకార్లు ఈ రంగంలో తక్కువేమీ కావు. విన్నది నిజమో కాదో కనుక్కునేదాకా సంతకం ఆపుకోవడం వెలివేత కాదు, జాగ్రత్త.

కనుక్కోవడం ఎలా? ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కక్షిదారు పేరుతో జిల్లా కోర్టు కేసులు వెతకొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. అక్కడ ఏమీ కనిపించకపోతే ఏమీ లేదని అర్థం కాదు. లైంగిక నేరాల ఎఫ్‌ఐఆర్‌లు పోలీసుల వెబ్‌సైట్లలో పెట్టరు. అందుకే మనుషులను అడగాలి. ఆయన దగ్గర ముందు పనిచేసి మానేసినవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, ఫోన్ చేసి అడగండి. డబ్బు సరిగ్గా ఇచ్చాడా, పేరు వేశాడా, మర్యాదగా ఉన్నాడా. ఈ మూడు ప్రశ్నలకు అవతలివాళ్లు నీళ్లు నమిలితే మీకు జవాబు దొరికినట్టే.

అగ్రిమెంట్ గురించి చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో గాయకులకూ వాద్యకారులకూ నైతిక హక్కులు వచ్చాయి. 38బీ సెక్షన్ కింద మీ పేరు వేయమని అడగొచ్చు, మీ గానాన్ని మీ పరువు పోయేలా మార్చి వాడితే అడ్డుకోవచ్చు. కానీ భాగస్వామి జైలుకెళ్లాడనో, ఛానల్ యజమాని బెట్టింగ్ ప్రకటన తగిలించాడనో పాటను వెనక్కి తీయించే హక్కు ఆ సెక్షన్‌లో లేదు. రికార్డింగ్‌కు యజమాని సాధారణంగా నిర్మాతే. లేడీ గాగా తన పాటను తీసేయించగలిగిందంటే అది ఆమె ఆల్బమ్, ఆమె పలుకుబడి. మీకు అది చేతకావాలంటే ముందే కాగితం మీద ఉండాలి. ఏ ప్రకటనలు పాటకు తగిలించకూడదో, ఏ పరిస్థితిలో మీ పేరు తీసేయాలో, మీ గొంతును ఏఐ శిక్షణకు వాడరాదో తెలుగులోనే నాలుగు వాక్యాల్లో రాసి అగ్రిమెంట్‌కు జతచేయమనండి. వాట్సాప్ సందేశంగానైనా రాతలో తెప్పించుకోండి.

సభలు, అవార్డు కమిటీలు, టీవీ పాటల పోటీలు నడిపేవాళ్లూ ఇందులో ఉన్నారు. పిల్లల పక్కన ఏ జడ్జిని కూర్చోబెడుతున్నారో, పాట పాడించడానికి ఏ స్పాన్సర్ డబ్బు తెస్తున్నారో ముందే ప్రకటించే బాధ్యత మీది. పదహారేళ్ల పిల్లకు ఎంపిక లేదు, మీకుంది. తల్లిదండ్రులారా, పిల్లల రికార్డింగ్‌కు మీలో ఒకరు తప్పకుండా వెళ్లండి, బయట కుర్చీలో కాదు, అద్దం ఇవతల కన్సోల్ గదిలో కూర్చోండి.

ఈ వారం మీ ఫోన్‌లో ట్రాక్ వచ్చి ఉంటే వాయిస్ పంపకండి. రెండు రోజులు గడువు అడగండి, ఆ రెండు రోజుల్లో ఆ మనిషితో పనిచేసిన ఇద్దరికి ఫోన్ చేయండి. గడువు అడిగినందుకే ఛాన్స్ తీసేస్తే ఆ పాటను వదిలేయండి.